దాచినకొద్దీ పెరిగే జబ్బులు

ఒక యువకుని సంగతితో ప్రారంభిస్తాము. ఊరి పేరు, ఇంటి పేరు అవసరం లేదు. ఆదోని మొదలుకొని బద్వేలు వరకు ఏ సంఘంలోనైనా జరగగల సంగతే ఇది.

ఇంటర్మీడియెట్ చదివి బెంగళూరులో బండలు పాలిషు పట్టే పనికి వెళ్లాడు. క్రిస్మసుకు, కోతకాలపు పండుగకు తప్పక ఇంటికి వచ్చేవాడు. వచ్చినప్పుడు క్వయర్‌లో పాడేవాడు. ఇంటికి డబ్బు పంపేవాడు. మంచి పిల్లవాడని అందరూ అనేవారు, అది అబద్ధం కూడా కాదు. పనిచేసే చోట ఒక అమ్మాయితో స్నేహమైంది. పెళ్లి మాట ఇద్దరి మధ్యా లేదు. కొన్ని నెలలు కలిసి తిరిగారు, విడిపోయారు. ఆ తర్వాత మరొక స్నేహం.

ఒకనాడు మూత్రానికి పోతే మంట. "ఎండలో పని కదా, ఒంటికి వేడి చేసిందిలే" అనుకొని నన్నారి తాగాడు, సబ్జా గింజలు నానబెట్టుకొని తాగాడు. చీము కనబడిన తర్వాత భయం పట్టుకుంది. ప్రభుత్వ ఆసుపత్రికి పోతే ఊరివాళ్లు ఎవరైనా చూస్తారేమోనని సిగ్గు. బస్టాండు గోడ మీది ప్రకటన చూసి, లాడ్జి గదిలో కూర్చునే ఒక 'డాక్టరు' దగ్గరికి పోయాడు. రెండు నెలల జీతం ఖర్చయింది. ఒక ఇంజెక్షను, కొన్ని పొట్లాలు ఇచ్చారు. వారం తిరిగేసరికి చీము ఆగింది. రోగం పోయిందనుకున్నాడు.

మరుసటి వేసవిలో అతని పెళ్లి కుదిరింది. మూడు ఆదివారాలు గుడిలో వివాహ ప్రకటన చదివారు. ఎవరికైనా అభ్యంతరముంటే తెలియజేయమని అయ్యగారు అడిగారు. తెలియజేయవలసిన సంగతి తన దగ్గరే ఉందని అతనికి తోచలేదు.

పెళ్లయిన ఏడాదికి ఆ అమ్మాయికి పొత్తికడుపులో నొప్పి, అప్పుడప్పుడు జ్వరం, తెల్లబట్ట. మూడేళ్లు గడిచినా కడుపు పండలేదు. లోపం ఎవరిదని ఎవరూ అడగలేదు. గొడ్రాలన్న మాట మాత్రం ఆమె మీద పడింది. చివరికి పట్నంలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకొని పోతే, ఆమె అంతా పరీక్షించి, "మీ ఆయన్ను పిలుచుకొని రామ్మా" అన్నది.

పాఠకులారా, సుఖవ్యాధుల గురించి కుటుంబ పత్రికలో రాయవచ్చునా అని మాలోనే చర్చ జరిగింది. ఏ తప్పూ చేయని ఆ అమ్మాయి మోసిన నింద గురించి ఆలోచించిన తర్వాత రాయకుండా ఉండలేకపోయాము.

ఈ జబ్బులేమిటి?

మన పెద్దలకు ఇవి కొత్త కావు. సెగ అని, సవాయి అని పేర్లు పెట్టారు. సెగను డాక్టర్లు గనేరియా అంటారు, సవాయిని సిఫిలిస్ అంటారు. ఎక్కువగా లైంగిక కలయిక వల్లనే ఒకరి నుండి ఒకరికి వస్తాయి. ఇటువంటి జబ్బులను కలిగించే క్రిములు ముప్పైకి పైగా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఎనిమిది. సిఫిలిస్, గనేరియా, క్లమీడియా, ట్రైకోమోనియాసిస్ అనే నాలుగూ సరైన మందుతో పూర్తిగా నయమవుతాయి. హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, హెర్పిస్, హెచ్.పి.వి. అనే నాలుగూ వైరసుల వల్ల వచ్చేవి. వీటిని ఒక్క మందుతో తుడిచివేయలేము గాని, అదుపులో ఉంచే మందులో, ముందే ఆపే టీకాలో ఉన్నాయి.

ఇవి ఎక్కడో కొందరికి వచ్చే జబ్బులని అనుకోవద్దు. 2020లో ప్రపంచమంతటా 15 నుండి 49 ఏళ్ల వారిలో పై నాలుగు నయమయ్యే జబ్బులే 37 కోట్లకు పైగా కొత్తగా సోకాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. అంటే రోజుకు పది లక్షలకు పైమాటే.

అన్నిటికంటే ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది ఒకటుంది. ఈ జబ్బులు చాలామందిలో పైకి కనిపించవు. క్లమీడియా సోకిన స్త్రీలలో ఎక్కువమందికి ఏ బాధా తెలియదు. సిఫిలిస్‌లో మొదట వచ్చే పుండు నొప్పి లేకుండా వచ్చి, మందు వాడకపోయినా దానంతటదే మానిపోతుంది. రోగం పోయిందని మనిషి సంతోషిస్తాడు. అది మాత్రం రక్తంలో ఉండిపోయి, ఏళ్ల తర్వాత గుండెను, మెదడును పట్టుకోవచ్చు. హెచ్.ఐ.వి. సోకిన మనిషి ఎన్నో ఏళ్లు ఆరోగ్యంగానే కనిపించవచ్చు. "చూస్తే మంచివాడిలాగే ఉన్నాడు", "ఆమె అటువంటిది కాదు" అన్న మాటలు మనిషి గుణం గురించి చెప్పగలవేమో గాని, ఒంట్లోని క్రిమి గురించి ఏమీ చెప్పలేవు.

మన సీమలో ఎందుకు మాట్లాడాలి?

1986లో చెన్నైలో డాక్టర్ సునీతి సోలొమన్ గారు, ఆమె విద్యార్థిని డాక్టర్ సెల్లప్పన్ నిర్మల గారు చేసిన పరిశోధనలో మనదేశంలో హెచ్.ఐ.వి. మొట్టమొదట బయటపడింది. మరి కొన్నేళ్లకే మన రాష్ట్రం దేశంలో ఈ జబ్బు బరువు ఎక్కువగా మోసే రాష్ట్రాలలో ఒకటైంది. 2021 అంచనాల ప్రకారం దేశంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 24 లక్షలు. అందులో 3 లక్షలకు పైగా మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నారు. మహారాష్ట్ర తర్వాత స్థానం మనదే.

మన ప్రాంతం సంగతి మనకు తెలుసు. వాన లేకపోతే ఊరు ఖాళీ. కోసిగి, మంత్రాలయం, ఆలూరు వైపు నుండి కుటుంబాలు గుంటూరు మిరపకోతలకు సుగ్గికి పోతాయి. ఆదోని వైపు వాళ్లు రైలెక్కి ముంబయి పోతారు. రాయచోటి, రాజంపేట వైపు నుండి కువైట్‌కు పోయి రెండు మూడేళ్లకు ఒకసారి వస్తారు. కర్నూలు మీదుగా హైదరాబాదు–బెంగళూరు రహదారి మీద లారీలు రాత్రింబగళ్లు నడుస్తాయి. పొట్టకూటి కోసం ఊరు విడిచిన వారిని జబ్బు మోసేవారని చూడడం అన్యాయం. ఊరు విడిచినందువల్ల జబ్బు రాదు. ఒంటరితనం, తాగుడు, తెలియనితనం కలిసినచోట జబ్బుకు దారి దొరుకుతుంది.

చదువుకునే పిల్లల సంగతి మరొకటి. కాలేజీలకు, ఉద్యోగాలకు కర్నూలు, తిరుపతి, హైదరాబాదు, బెంగళూరు పంపుతున్నాము. అక్కడ హాస్టలు గది, చేతిలో ఫోను, కొత్త స్నేహాలు. డేటింగ్ అన్న మాట మనకు రుచించకపోయినా పిల్లలకు అది తెలిసిన మాటే. వారిలో చాలామంది చెడ్డ ఉద్దేశంతో స్నేహం చేయరు. ఇష్టపడ్డామనుకుంటారు, నమ్ముతారు. కొన్నాళ్లకు ఆ స్నేహం ముగుస్తుంది, మరొకటి మొదలవుతుంది. ప్రతిసారీ ఒక్కరితోనే ఉన్నామన్న ధైర్యం ఉంటుంది. కాని ఆ ఒక్కరికి ముందు మరొకరు, వారికి ముందు ఇంకొకరు ఉండవచ్చును. క్రిమి ఆ వరుసలో నిశ్శబ్దంగా నడిచి వస్తుంది.

నివారణ ఎట్లా?

మొదటి మాట మన గుడిలో ఎప్పుడూ చెప్పేదే. పెళ్లి వరకు ఆగడం, పెళ్లి తర్వాత ఒకరికొకరు నమ్మకంగా ఉండడం. ఇది పాతబడిన మాట అని మేము అనుకోము. వైద్యులు కూడా దీనికి మించిన రక్షణ లేదనే చెబుతారు. అయితే ఇది ఇద్దరూ పాటించినప్పుడే రక్షణ. భార్య ఒక్కతే నమ్మకంగా ఉంటే భార్యకు రక్షణ లేదు.

రెండవ మాట చెప్పడానికి కొందరు పెద్దలు ఒప్పుకోరు. అయినా చెప్పాలి. ఆగలేకపోయినవారికి కండోమ్ రక్షణ. "ఇది చెబితే పిల్లలను చెడగొట్టినట్టు కాదా?" అని ఒక పెద్దాయన మమ్మల్ని అడిగారు. గొడుగు చేతికిచ్చినంత మాత్రాన వాన కురవదు గదయ్యా, కురిస్తే తడవకుండా ఉంటాడు అన్నాము. నిరోధ్ అన్న పేరు మన దేశంలో 1968 నుండి ఉన్నదే. అప్పుడు అది బిడ్డల మధ్య ఎడం కోసం. జబ్బులను ఆపడానికి కూడా అదే సాధనం. ప్రతిసారీ, మొదటి నుండి చివరి వరకు వాడితేనే ప్రయోజనం. గడువు తేదీ చూడాలి. కవరును పంటితో చింపరాదు. జేబులో, బండి డిక్కీలో వేడికి నెలల తరబడి ఉంచరాదు. కొబ్బరినూనె వంటివి రాస్తే రబ్బరు దెబ్బతింటుంది. ఒకదాని మీద ఒకటి రెండు వేసుకోరాదు. ఒకసారి వాడినది మళ్లీ వాడరాదు. హెచ్.ఐ.వి., సెగ వంటివాటిని ఇది బాగా ఆపుతుంది. హెర్పిస్, సిఫిలిస్, హెచ్.పి.వి. మాత్రం కప్పబడని చర్మం ద్వారా కూడా అంటవచ్చు కాబట్టి వాటికి పూర్తి హామీ లేదు.

మూడవది టీకా. హెపటైటిస్-బి టీకా ఇప్పుడు చంటిబిడ్డలకు ప్రభుత్వమే వేస్తోంది. చిన్నప్పుడు వేయించుకోని పెద్దలు డాక్టరును అడిగి వేయించుకోవచ్చు. గర్భసంచి ముఖద్వారపు క్యాన్సరుకు కారణమయ్యే హెచ్.పి.వి.కి కూడా టీకా ఉంది. పూణేలోని సీరం సంస్థ తయారుచేసిన మనదేశపు టీకాకు 2022లో అనుమతి వచ్చింది. ఆడపిల్లలకు 9 నుండి 14 ఏళ్ల మధ్య వేయిస్తే ఎక్కువ మేలు. ఇది పిల్ల నడవడిక గురించిన టీకా కాదు. ఆ పిల్ల నలభై యాభై ఏళ్ల వయసులో క్యాన్సరు పాలు కాకుండా చూసే టీకా.

నాల్గవది పరీక్ష. ఏదైనా సంబంధం జరిగి ఉంటే బాధ లేకపోయినా పరీక్ష చేయించుకోవాలి. హెచ్.ఐ.వి. సోకిన వెంటనే పరీక్షలో తెలియకపోవచ్చు. మొదటిసారి లేదని వచ్చినా మూడు నెలలకు మరల చేయించుకోవాలి. హెచ్.ఐ.వి. సోకి ఉండవచ్చునన్న గట్టి భయం ఉంటే 72 గంటల లోపల డాక్టరును కలవాలి. అవసరమని తోస్తే 28 రోజులు వాడే నివారణ మందు మొదలుపెడతారు. ఎంత తొందరగా పోతే అంత మంచిది.

ఆడపిల్లలకు ఒక మాట. "నన్ను నమ్మవా?" అని అడిగి ఒప్పించే స్నేహం మంచిది కాదు. వద్దన్నా వినని స్నేహం అసలు స్నేహమే కాదు. బలవంతం జరిగితే తప్పు మీది కాదు. వెంటనే అమ్మతోనో, నమ్మకమైన పెద్దతోనో చెప్పి ఆసుపత్రికి పోవాలి. అబ్బాయిలు కూడా ఒకటి తెలుసుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లతో సంబంధం, ఆ పిల్ల ఒప్పుకున్నా సరే, 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరం.

లాడ్జి డాక్టరా, పెద్దాసుపత్రా?

మన బస్టాండు గోడల మీద సుఖవ్యాధులు, నరాల బలహీనత అని రాసిన ప్రకటనలు చూడనివారు ఉండరు. వాటికి పెట్టుబడి మన సిగ్గే. అక్కడ సగం మందు పడితే లక్షణం అణుగుతుంది, జబ్బు మిగులుతుంది. పైగా గనేరియా క్రిమి చాలా మందులకు లొంగకుండా మొండిదవుతోంది. మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలు కూడా ఇదే కీడు చేస్తాయి.

ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ జబ్బులకు పరీక్ష, మందు ఉచితం. లక్షణాన్ని బట్టి మందులను రంగు పెట్టెలుగా ఏర్పాటు చేశారు. చీముకు బూడిదరంగు పెట్టె, పుండుకు తెల్ల పెట్టె, పొత్తికడుపు నొప్పికి పసుపు పెట్టె. అందులోని మందులు కొత్తవీ కావు, ఖరీదైనవీ కావు. సిఫిలిస్‌కు పెన్సిలిన్ సూది ఎనభై ఏళ్లుగా పనిచేస్తూనే ఉంది. క్లమీడియాకు వాడే డాక్సీసైక్లిన్, ఆరియోమైసిన్ కుటుంబానికి చెందినది. ఆ ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసినప్పుడు దానిని కనుగొన్న పరిశోధనశాలకు అధిపతి మన తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు.

మందు ఒక్కరు వాడితే చాలదు. భార్యాభర్తలిద్దరూ, లేక ఆ స్నేహంలోని ఇద్దరూ, కలిసి వాడాలి. లేకపోతే నయమైనవారికి మరల అంటుతుంది. మొత్తం మందు పూర్తిచేయాలి. పూర్తయ్యాక కనీసం వారం దాకా కలవకూడదు. గర్భిణులు మొదటి నెలల్లోనే హెచ్.ఐ.వి., సిఫిలిస్ పరీక్షలు తప్పక చేయించుకోవాలి. సిఫిలిస్‌ను వదిలేస్తే బిడ్డ కడుపులోనే చనిపోవచ్చు. సకాలంలో పెన్సిలిన్ పడితే ఆ బిడ్డ దక్కుతుంది.

హెచ్.ఐ.వి. సోకిందని తెలిస్తే?

జీవితం అక్కడితో ఆగిపోదు. 2004 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. 2017 నుండి, పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ ఆలస్యం లేకుండా మందు మొదలుపెడుతున్నారు. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో ఎ.ఆర్.టి. కేంద్రాలున్నాయి. ధర్మవరం దగ్గరి బత్తలపల్లిలో ఆర్.డి.టి. ఆసుపత్రి ఏళ్ల తరబడి వీరికి సేవ చేస్తూ వచ్చింది. రోజూ క్రమంగా మందు వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉంటే, కలయిక ద్వారా మరొకరికి అంటదని పరిశోధనలు తేల్చాయి. తల్లి మందు వాడకపోతే నూరుమంది బిడ్డలలో 15 నుండి 45 మందికి సోకవచ్చు. తల్లీబిడ్డలకు సరైన మందు అందితే అయిదుగురి లోపే.

చట్టం కూడా అండగా ఉంది. 2017లో చేసిన హెచ్.ఐ.వి. చట్టం 2018 సెప్టెంబరు నుండి అమలులో ఉంది. మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయరాదు, అతని సంగతి బయట పెట్టరాదు, బడి నుండి గాని ఉద్యోగం నుండి గాని ఆసుపత్రి నుండి గాని తరిమివేయరాదు. సందేహాలుంటే 1097 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. పేరు చెప్పవలసిన పని లేదు.

మన సంఘాలలో కొందరికి ఇంకా ఒక భయం ఉంది. ప్రభు భోజనపు పాత్ర అందరూ తాగితే హెచ్.ఐ.వి. అంటుతుందేమోనని. అంటదు. ఒకే పాత్ర వల్ల, ఒకే బల్ల మీద కూర్చున్నందువల్ల, చేయి కలిపినందువల్ల అది రాదు.

సంఘమేమి చేయాలి?

జమ్మలమడుగులో లండన్ మిషనరీ సొసైటీ వారు క్యాంప్‌బెల్ ఆసుపత్రి స్థాపించారు. జబ్బుతో వచ్చినవాడిని ముందు చూడాలి, తీర్పు తర్వాత సంగతి అన్నది మిషను ఆసుపత్రులు మనకు నేర్పిన పాఠం. ఒకప్పుడు అక్కడ వైద్యునిగా పనిచేసిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలోనే, 2005లో, 'ఆశ' పేరుతో ఎయిడ్స్ గురించి రాష్ట్రమంతటా ప్రచారం జరిగింది. ప్రభుత్వం ఊరి వీధిలో మాట్లాడగలిగినది మనం ఇంట్లో మాట్లాడలేమా?

తండ్రులు కొడుకులతో, తల్లులు కూతుళ్లతో మాట్లాడండి. ఊరు విడిచి పోయే ముందు రాత్రి బట్టలు సర్దుతూ చెప్పినా సరే. "నాయనా, నువ్వు ఆగితే మాకు సంతోషం. ఎప్పుడైనా తప్పటడుగు పడితే మాత్రం మాతో దాచవద్దు, లాడ్జికి పోవద్దు" అన్న రెండు మాటలు చాలు. కొట్టే తండ్రికి కొడుకు చెప్పడు. అది గుర్తుంచుకోండి. యౌవనస్థుల కూడికకు, స్త్రీల మైత్రి కూటానికి ఏడాదికొకసారైనా ఒక డాక్టరునో నర్సునో పిలవండి. ప్రశ్నలు కాగితం మీద పేరు లేకుండా రాసి ఇవ్వనివ్వండి.

వివాహ ప్రకటనకు ముందు వధూవరులిద్దరూ తమంతట తాము హెచ్.ఐ.వి., సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకొని, ఒకరికొకరు నిజం చెప్పుకోవడం మంచి అలవాటు. అయ్యగారు గాని పెద్దలు గాని బలవంతపెట్టరాదు, ఫలితం కాగితం అడగరాదు. అది ఆ ఇద్దరి మధ్య మాట. పెండ్లికూతురును మాత్రమే పరీక్షకు పంపడం అసలే తగదు.

మొదట చెప్పిన దంపతుల సంగతి. డాక్టరమ్మ పిలిచిన రోజు అతడు వచ్చాడు. చాలాసేపు తల వంచుకొని కూర్చొని, చివరికి అంతా చెప్పాడు. ఇద్దరికీ కలిపి మందు ఇచ్చారు, జబ్బు నయమైంది. కాని లోపల గర్భనాళాలకు అంతకుముందే జరిగిన నష్టం మందుతో తిరిగి రాలేదు. బిడ్డ కోసం వాళ్లు ఇంకా ఆసుపత్రులు తిరుగుతున్నారు. ఇంటికి వచ్చిన రోజు రాత్రి అతడు తల్లి ముందు నిలబడి, "తప్పు నాదమ్మా, ఆమెది కాదు" అన్నాడు. ఆ మాటతో ఆమె మీది నింద తొలగింది.

ఆ మాట మంట పుట్టిన మొదటి వారంలోనే పలికి ఉంటే కొద్దిపాటి మందుతో అంతా తీరిపోయేది. అప్పుడతనికి చెప్పుకోవడానికి మనిషి దొరకలేదు. మన ఇంట్లో, మన గుడిలో అటువంటి పిల్లవాడు ఒకడు ఇప్పుడు కూడా ఉండవచ్చు. అతడు నోరు విప్పినప్పుడు కోపగించుకోకుండా వినే పెద్దలుగా మనలను ప్రభువు సిద్ధపరచును గాక.